అప్‌డేట్: మేత మొత్తం టెస్ట్ ల్యాప్‌టాప్‌లో పాస్, సర్వర్‌లో ఫెయిల్ - కారణం తేలింది

అడిగింది ఇదీ: ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మేత లెక్కకు రాసిన పైథాన్ ప్రోగ్రాంలో, పది చెరువులకు ఒక్కోదానికి 0.1 టన్ను చొప్పున కూడితే 1.0 రావాలన్న టెస్ట్ సర్వర్‌లో మాత్రమే ఎందుకు ఫెయిలవుతోంది?

తేడా పైథాన్ వెర్షన్‌లో ఉంది: సర్వర్‌లో పాతది, ల్యాప్‌టాప్‌లో కొత్తది. 0.1 బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 అంకెల పద్ధతిలో, కచ్చితంగా ఇమడదు. పైథాన్ 3.11 దాకా సమ్ ఫంక్షన్ వరసగా కూడుతుంది, 0.9999999999999999 వస్తుంది. 3.12 నుంచి కూడికలో జారిపోయే శేషాన్ని పట్టి చివర్లో కలుపుతుంది, అందుకే 1.0. సమ్ వాడకుండా ఫర్ లూప్‌తో ఒక్కొక్కటిగా కూడితే 3.12లోనూ పాత అంకే. కాబట్టి వెర్షన్ పెంచి ఊరుకుంటే చాలదు, టెస్ట్‌లో అచ్చంగా సమానమా అని చూసే == తీసేయాల్సిందే.

దాని బదులు, రెండు అంకెలు దాదాపు సమానమా అని చూసే మ్యాథ్ మాడ్యూల్‌లోని ఈజ్‌క్లోజ్ పెడితే మేత మొత్తం టెస్ట్ పాసైంది. గోడౌన్ మిగులు సున్నా కావాలన్న టెస్ట్ మాత్రం పడిపోయింది. ఈజ్‌క్లోజ్ డిఫాల్ట్ సాపేక్ష హద్దు (అంకె పరిమాణాన్ని బట్టి ఒప్పుకునే తేడా) 0.000000001, నిరపేక్ష హద్దు (అంకె ఎంతైనా మారని తేడా) సున్నా. సున్నాతో పోల్చేటప్పుడు సాపేక్ష హద్దు ఎందుకూ పనికిరాదు; నిరపేక్ష హద్దు మనమే ఇవ్వాలి. కాటా 10 గ్రాముల దాకా చూపిస్తుంది గనుక 1 గ్రాము, అంటే 0.000001 టన్ను పెట్టాం.

ఇలాగే దాదాపు సమానమా అని చూసే పైటెస్ట్ (పైథాన్ టెస్టింగ్ టూల్) అప్రాక్స్ వాడేవాళ్లు జాగ్రత్త: దాని సాపేక్ష హద్దు 0.000001, అంటే 500 టన్నుల మీద అరకిలో తప్పును వదిలేస్తుంది. నిరపేక్ష హద్దు ఒక్కటే ఇస్తే సాపేక్షాన్ని పట్టించుకోదు, అదే మేలు.

డబ్బు లెక్కకు ఇవేవీ వద్దు. పైసల్ని పూర్ణాంకాలుగా ఉంచి == తోనే పోల్చండి.