చైనా వైద్యంలో 'తేమ' అంటే బాక్టీరియానేనా?

ప్రశ్న (హైకౌ, చైనాలోని హైనాన్ దీవి, ఎంబీబీఎస్ మూడో ఏడు)

మాది కరీంనగర్. ఇక్కడ ఫిబ్రవరి, మార్చిల్లో దక్షిణం గాలి తిరిగితే హాస్టల్ గోడలకు చెమట పడుతుంది, చెప్పులకు బూజు పడుతుంది. చైనా వైద్యం క్లాసులో సార్ నా నాలుక చూసి, పూత మందంగా ఉంది, ఒంట్లో తేమ చేరింది, కాళ్లు బరువెక్కేది అందుకే అన్నారు. మైక్రోబయాలజీలోనేమో ఈ దీవి మట్టిలో మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బాక్టీరియా ఉందని, వానల తర్వాత కేసులు పెరుగుతాయని చెప్పారు. అంటే రెండూ ఒకటేనా? రూమ్మేట్ అవునంటోంది. తేమకు హువోషియాంగ్ జెంగ్‌చీ అని ఘాటు చైనా మందొకటి ఇచ్చింది. తాగొచ్చా?

జవాబు (గ్వాంగ్జౌలో చదివిన సీనియర్)

చెల్లీ, రెండూ ఒకటి కావు. అలా కలిపేస్తే రెండు సబ్జెక్టులూ తప్పుగానే వస్తాయి. గాలి, చలి, ఎండ, తేమ, పొడి, అగ్ని మితిమీరితే రోగం అన్నది చైనా వైద్యుల లెక్క. తేమ అంటే బయటి ముసురూ, లోపల అరుగుదల మందగించడమూ. అందులో క్రిమి ఊసే లేదు.

ఆ లెక్క చాలదన్నది కూడా వాళ్లలోనే ఒకాయన, వూ యోషింగ్. మింగ్ వంశం చివర్లో అంటురోగాలు చూసి 1642లో రాశాడు: ఇది చలీ తేమా కాదు, నోటిగుండా ముక్కుగుండా వచ్చేది వేరే ఉంది. ఎద్దుకు వచ్చింది గొర్రెకు రాదు, కోడికి వచ్చింది బాతుకు రాదు, కాబట్టి ఒక్కో రోగానికి ఒక్కో కారణం. లేవెన్‌హుక్ మైక్రోస్కోపుతో మొదటిసారి బాక్టీరియాను చూసింది 1670ల్లో! ఆ కోర్సు మొత్తంలో నాకు నచ్చింది ఆ కోడీ బాతూ మాటే.

ఇక మెలియాయిడోసిస్ తెచ్చే బాక్టీరియా, బర్ఖోల్డేరియా సూడోమల్లీ. తడి మట్టిలో, నీళ్లలో బతుకుతుంది, పుండు గుండానో ఊపిరితోనో లోపలికి పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు గండం. నాలుక చూస్తే దొరకదు, కల్చర్ చెయ్యాలి, అంటే రక్తమో చీమో తీసి ల్యాబులో బాక్టీరియాను పెంచి చూడాలి. మన దేశంలోనూ ఉంది, టీబీ అనుకుని ఏమరుతుంటారు. వైద్యం యాంటీబయాటిక్స్‌తోనే: సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్లు కనీసం 10-14 రోజులు, ఆపైన నెలల తరబడి కోట్రైమాక్సజోల్.

గోడల తడికి మందక్కర్లేదు. కిటికీలు మూసి ఏసీ డ్రై మోడ్‌లో పెట్టు.

జవాబు (ఫార్మసిస్ట్, విజయవాడ)

ముందు ఆ ఘాటు మందు సీసా చూడమ్మా. 'షుయ్' రకమైతే ఆల్కహాల్ 40 శాతం పైనే. మెట్రోనిడజోల్, సెఫోపెరజోన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతూ తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ వచ్చి, బీపీ పడిపోవచ్చు. 'కౌఫుయే' రకంలో ఆల్కహాల్ ఉండదు.

ప్రశ్న అడిగినామె

నాది షుయ్ రకమే! చిగుళ్ల వాపుకు మొన్ననే మెట్రోనిడజోల్ మొదలుపెట్టా. సీసా మూత తియ్యలేదు.

ఫార్మసిస్ట్

మెట్రోనిడజోల్ కోర్సు అయ్యాక కూడా కనీసం మూడు రోజులు ఆ సీసా జోలికి పోవద్దు.