తొట్లకొండ చుట్టూ మిగిలిన రాళ్ళ కుప్పలను తవ్వాలా, అలాగే వదిలేయాలా?

సాగరతీరం:
గత ఆదివారం పిల్లలతో విశాఖపట్నం దగ్గరి పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ ఎక్కాను. మహాస్తూపం దగ్గర మా తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒక ఇటుకను గోటితో గీకి, "ఇది నిజంగా రెండు వేల ఏళ్ళనాటిదేనా?" అని అడిగాడు. 2019 అక్టోబరు వానలకు స్తూపం కూలిపోయిందనీ, తరువాత మళ్ళీ కట్టారనీ చెప్పాను. "అయితే అసలుది ఏది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దిగి వస్తుంటే కొండవాలులో రాళ్ళ కుప్పలు కనిపించాయి. వాటి కింద ఏముందో తవ్వి చూడరేమని అడిగాడు. ఆ ప్రశ్ననే ఇక్కడ పెడుతున్నాను.

భీమిలి బాటసారి:
తప్పకుండా తవ్వాలి. నౌకాదళం వారు తమ స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ కొండ మీది శిథిలాలు కంటపడ్డాయి. 1988 నుంచి కొన్నేళ్ళపాటు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది కాబట్టే విహారాలు (భిక్షువుల నివాసాలు), చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), బ్రాహ్మీ శాసనాలు, శాతవాహన నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా వెలుగు చూశాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల కొండకు ఆ పేరు వచ్చిందని అంతకుముందు అందరికీ తెలుసు, కానీ ఆ నీళ్ళు తాగినవారెవరో ఎవరికీ తెలియదు. నాగార్జునకొండలో సాగర్ జలాశయం నీళ్ళు వచ్చేలోగా 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వారు, కొన్ని కట్టడాలను ఎత్తైన చోటికి తరలించారు. అప్పుడు "తరువాత చూద్దాం" అని కూర్చుంటే ఈరోజు చేపలకే తెలిసేది. మన దగ్గర నీళ్ళు రాకపోవచ్చు, కానీ లేఅవుట్లు, గ్రావెల్ లారీలు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి.

ఇటుకరాయి:
బాటసారి గారూ, నాగార్జునకొండలో వేరే దారి లేక తవ్వారు. అత్యవసరాన్ని తెచ్చి నియమంగా చూపించకండి. తవ్వకం కొబ్బరికాయ కొట్టడం లాంటిది, కొట్టిన కాయను తిరిగి అతికించలేం. మట్టి పొర మీద పొరగా పేరుకుంటుంది. ఏ నాణెం ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన దొరికిందన్న సంగతే దాని విలువ. పొరలు కలిసిపోతే మిగిలేది వట్టి లోహపు బిళ్ళ. అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండను 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు సముద్రగుప్తుని బంగారు నాణెం దొరికింది. బొగ్గును బట్టి కాలం కట్టే కార్బన్ పద్ధతి అప్పటికి పుట్టలేదు, అది 1940ల చివర వచ్చింది. కాబట్టి ఆ తవ్వకంలో బొగ్గు ముక్కలు తేలి ఉంటే వాటిని భద్రపరచాలని ఎవరికి తోస్తుంది? రేపు ఎలాంటి పద్ధతి వస్తుందో మనకూ అంతే తెలుసు. అందుకే తెలిసినవారు గుంతల మధ్య కొంత నేలను కావాలనే తవ్వకుండా వదిలి, ఆ గోడలో పొరలు చదువుకుంటారు. ఇంకొక మాట. లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పరిశోధకుడు తొట్లకొండ చుట్టూ ప్రధానంగా నేల మీద నడిచి సర్వే చేసి, మీరు చెబుతున్న ఈ రాళ్ళ కుప్పలలో చాలావాటికి అంత్యక్రియలతో సంబంధం ఉందని వాదించారు. గునపం ముట్టకుండానే అంత తెలిసినప్పుడు తొందరెందుకు? తవ్వి, చివరికి కొత్త ఇటుకల బొమ్మ ఒకటి నిలబెట్టడానికా?

గురువింద:
అబ్బాయి అడిగింది ఇటుక గురించి. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

భీమిలి బాటసారి:
"బొమ్మ" అన్న మాటను ఇటుకరాయి గారు వెనక్కి తీసుకోవాలి. ఆ స్తూపానికి మొక్కేవారు ఉన్నారు. పునాది మిగిలిన చోట దాని కొలతల ప్రకారం కట్టకపోతే, వచ్చినవారికి గడ్డి మొలిచిన గుండ్రటి గుర్తు తప్ప ఏమి కనిపిస్తుంది?

ఇటుకరాయి:
తీసుకోను. ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలిసేలా కట్టడమే పరిరక్షణ అంటాను. తొమ్మిదేళ్ళ పిల్లవాడు గోటితో గీకి చూడవలసి వచ్చిందంటే, అక్కడ నేర్పవలసినది దాచినట్టే.

కంచరపాలెం వాసి:
ఇద్దరూ స్తూపం దగ్గరే ఆగిపోయారు. ప్రశ్న రాళ్ళ కుప్పల గురించి.

భీమిలి బాటసారి:
ఇటుకరాయి గారి లాంటి చదువుకున్నవారికి ఓపిక ఎక్కువ, ఎందుకంటే పోయేది వారిది కాదు. మా తాతగారు బావి తవ్విస్తుండగా నిలువెత్తు లోతులో మూత పెట్టిన కుండ ఒకటి దొరికింది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు తెలియజేయాలని ఊరి పెద్దలు భయపెడితే, ఆయన నిజాయితీగా బండి కట్టుకుని వెళ్ళి ఒక కార్యాలయంలో అప్పగించారు. రసీదు ఇవ్వలేదు. అందులో ఏముందో, ఏ కాలానిదో ఒక్క ముక్క చెప్పినవారు లేరు. చనిపోయేవరకు ఆయన ఆ కుండ గురించే అడిగేవారు. అందుకే నేను తవ్వమంటాను. తవ్వితే మా నేల సంగతి మాకు తెలుస్తుందని.

ఇటుకరాయి:
క్షమించండి, ఇది ముందే చెప్పి ఉంటే నేను అంత కటువుగా రాసేవాడిని కాదు. నా సంగతి కూడా వినండి. యువకుడిగా ఉన్నప్పుడు ఒక తవ్వకంలో రెండు నెలలు పెంకులు కడిగి, వాటి మీద సిరాతో అంకెలు వేసే పని చేశాను. వందల సంచులు కట్టాం. ఆ తవ్వకం నివేదిక ఈనాటికీ అచ్చులో నా కంట పడలేదు. ఆ అంకెలకు అర్థం చెప్పే నోటుపుస్తకం ఎవరి బీరువాలో ఉందో తెలియదు. నేను వద్దనేది గునపాన్ని కాదు, తవ్వి చెప్పకుండా ఊరుకోవడాన్ని.

భీమిలి బాటసారి:
నేనూ దాని గురించే కదండీ మొదటినుంచీ అంటున్నది. కానీ మీ లెక్కన చెప్పేవారు వచ్చేదాకా ఆగాలి. నా లెక్కన ఆగితే చెప్పడానికి ఏమీ మిగలదు. అక్కడ మనకు కుదరదు.

ఇటుకరాయి:
కుదరదు. కుండ పోయింది సరే, మూత కూడా ఇచ్చేశారా?

భీమిలి బాటసారి:
లేదు. అది మా నాయనమ్మ దాచుకుంది. మధ్యలో చిన్న గుబ్బ ఉన్న నల్లటి మట్టి మూత. ఇప్పటికీ మా ఇంట్లో మజ్జిగ కుండ మీదే ఉంది.

గురువింద:
దాని విలువ పది రూపాయలు దాటుతుందా?

ఇటుకరాయి:
బాటసారి గారూ, దయచేసి ఇక దానిని కడగకండి. మెరుగు పూత లేని మట్టి పాత్ర తాను పట్టిన నూనెలను, కొవ్వులను తనలోకి పీల్చుకుంటుంది. ప్రయోగశాలలో వాటిని ఇప్పుడు గుర్తించగలుగుతున్నారు.

భీమిలి బాటసారి:
అరవై ఏళ్ళుగా ప్రతి రోజూ కొబ్బరి పీచుతో తోముతున్నారు. ఇప్పుడు పరీక్షిస్తే బయటపడేది మా నాయనమ్మ మజ్జిగే. ఫోటో రేపు పగటి వెలుగులో తీసి ఇక్కడ పెడతాను, పక్కన స్కేలు పెట్టమంటారా?

ఇటుకరాయి:
పెట్టండి. లోపలి వైపు కూడా తీయండి.