లిఫ్టు బాగుచేసేవాళ్లే లిఫ్టు బాగుందని సంతకం పెట్టవచ్చా?

అరండల్‌పేట కార్యదర్శి

గుంటూరు అరండల్‌పేటలో మాది ఐదంతస్తుల కాంప్లెక్సు. కింద బట్టల కొట్లు, పైన ఇద్దరు ఆడిటర్లు, ఒక కోచింగ్ సెంటరు, మూడో అంతస్తులో కీళ్ల డాక్టరు గారి క్లినిక్కు. అందరికీ కలిపి ఒకటే లిఫ్టు, ఎనిమిది మంది పట్టేది. ఓనర్ల సంఘానికి నేను కార్యదర్శిని. ఎవరూ ఒప్పుకోకపోతే నా మెడకు చుట్టారు.

గొడవ ఏమిటంటే, మెయింటెనెన్స్ కంపెనీ మనిషి నెలకోసారి వస్తాడు. ఏడాదికోసారి ఆ కంపెనీయే ‘లిఫ్టు సురక్షితంగా ఉన్నది’ అని కాగితం ఇస్తుంది. దాన్ని లామినేషన్ చేయించి లోపల అతికిస్తాం. పోయిన నెల లిఫ్టు మూడో అంతస్తుకు జానెడు కింద ఆగింది. క్లినిక్కుకు వచ్చిన పెద్దావిడ ఆ ఎత్తు చూసుకోక, కాలు తగిలి ముందుకు పడ్డారు. మణికట్టు విరిగింది. మోకాళ్ల నొప్పులని వచ్చిన మనిషి చేతికి కట్టుతో ఇంటికి వెళ్లారు. కాగితానికి మాత్రం ఇంకా ఐదు నెలల గడువుంది.

కంపెనీతో సంబంధం లేని ఇంజనీరు చేత ఆరు నెలలకోసారి పరీక్ష చేయించాలని డాక్టరు గారు పట్టుబట్టారు. సగం మంది ఓనర్లు దండగ ఖర్చంటున్నారు. ఆదివారం మీటింగు. మీ అభిప్రాయాలు చెప్పండి.

బీసెంట్ రోడ్డు వ్యాపారి

నేను దండగ అనే పక్షమే. విజయవాడలో మా కాంప్లెక్సులోనూ ఇదే చర్చ నడిచింది. ఏఎంసీకి, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందానికి, డబ్బు కడుతున్నాం కదా, దేనికి కడుతున్నట్టు? కారు సర్వీసుకు ఇచ్చి, సర్వీసు బాగా చేశారో లేదో చూడమని ఇంకో మెకానిక్కుకు డబ్బిస్తామా? పరీక్ష తప్పనిసరి అన్నారంటే రేపు ఒక అధికారి వస్తాడు, ఎల్లుండి ఆయన చేయి తడపాలి. ఫైరు కాగితం, మున్సిపాలిటీ కాగితం, బోర్డు మీద పన్ను, ఇప్పుడు ఇదొకటి. కాగితాలు పెరిగితే లిఫ్టు బాగుపడదు, ఫైలు లావెక్కుతుంది.

ఆవిడ పడటం బాధాకరమే. కానీ అది కంపెనీ తప్పు. కంపెనీని మార్చండి.

పాత మెకానిక్

వ్యాపారి గారూ, ఆ కంపెనీల్లోనే నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి నిజం చెప్పడానికి ఇబ్బంది లేదు.

తాడు తెగి లిఫ్టు కింద పడుతుందని జనం భయం. లిఫ్టుకు ఒక్క తాడు ఉండదు, కొన్ని ఉక్కు రోపులు ఉంటాయి. వేగం హద్దు దాటితే, వేగాన్ని కనిపెట్టే గవర్నరు లాగుతుంది, కింద సేఫ్టీ గేరు పట్టాలను కరిచి పట్టుకుంటుంది. ఇంకో మాట చెబితే చాలామంది నమ్మరు. రోపుకు రెండో చివర కౌంటర్ వెయిట్ వేలాడుతుంది. అది ఖాళీ లిఫ్టు బరువుకు, పూర్తి లోడులో దాదాపు సగం కలిపినంత ఉంటుంది. కాబట్టి ఒకరిద్దరే ఉన్నప్పుడు బ్రేకు పట్టు తప్పితే లిఫ్టు కిందికి పోదు, పైకి పోతుంది.

నేను చూసిన ఘోరాలు మాత్రం తలుపు దగ్గరే జరిగాయి. తలుపు తెరుచుకుంటుంది, వెనుక లిఫ్టు ఉండదు. ఫోను చూసుకుంటూ అడుగు వేస్తారు. పేపర్లో ‘లిఫ్టు గుంతలో పడి’ అని చదువుతాం.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. ప్రతి అంతస్తు తలుపుకూ ఒక లాకు, ఆ లాకులో రెండు చిన్న కాంటాక్టులు. అన్ని అంతస్తులవీ వరసగా ఒకే తీగలో కలిసి ఉంటాయి. ఏ ఒక్క తలుపు సరిగా పడకపోయినా లిఫ్టు కదలదు. గడప గాడిలో చెత్త చేరుతుంది, పూలరేకులు, వక్కపొడి కాగితాలు, పిల్లల పెన్సిలు ముక్కలు. తలుపు వెంట్రుకవాసి తెరిచి ఉండిపోతుంది, లిఫ్టు ఆగిపోతుంది. కింద జనం అరుస్తుంటారు. ‘ముందు నడిపించు, తరువాత చూసుకుందాం’ అని ఓనరు నెత్తి మీద నిలబడతాడు. అప్పుడు లిఫ్టును నడిపించే ప్యానెల్లో రెండు పాయింట్ల మధ్య బెత్తెడు వైరు ముక్క బిగిస్తాం. జంపరు అంటాం. తలుపులన్నీ పడ్డాయని ప్యానెలు నమ్ముతుంది, లిఫ్టు నడుస్తుంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా నడుస్తుంది.

నేనూ వేశాను. ఒక నర్సింగ్ హోములో వేసి, మర్నాడు తీద్దామనుకుని, పదకొండు రోజులకు వెళ్లాను. ఎవరికీ ఏమీ కాలేదు, అది నా అదృష్టం. ఆ నెల సర్వీసు షీటులో ‘డోర్ లాకులు’ అన్న చోట టిక్కు పెట్టింది నేనే. నా పని మీద నేనే పరీక్షాధికారిని మరి. కాకి పిల్ల కాకికి ముద్దు.

కార్యదర్శి గారూ, లిఫ్టు జానెడు కింద ఆగడం చిన్న విషయం కాదు. పాత లిఫ్టయితే ముందు బ్రేకు లైనింగు, అంటే బ్రేకులో రాపిడికి అరిగే పట్టీ, చూడమనండి.

తెనాలి నుంచి బర్మింగ్‌హామ్‌కు

ఇక్కడ నేను ఆఫీసు భవనాల నిర్వహణలో పనిచేస్తున్నాను, రోజూ నా తలనొప్పి ఇదే. బ్రిటన్‌లో లోలర్ అని 1998 నాటి నిబంధనలు ఉన్నాయి. పనిచేసే చోట మనుషులు ఎక్కే లిఫ్టుకు ఆరు నెలలకోసారి క్షుణ్ణమైన పరీక్ష జరగాలి, సరుకు మాత్రమే మోసేదైతే ఏడాదికోసారి. నిపుణుడు లిఫ్టును బట్టి వేరే పరీక్షా ప్రణాళిక రాసిస్తే దాని ప్రకారం. ఆ పరీక్షకూ సర్వీసుకూ సంబంధం లేదు. సర్వీసు అంటే నూనె, సర్దుబాటు, అరిగినవి మార్చడం. పరీక్ష అంటే రోపులు, బ్రేకు, గవర్నరు, సేఫ్టీ గేరు, తలుపు లాకులు ఇంకెంతకాలం నమ్మదగినవో తేల్చడం. నివేదిక మామూలుగా 28 రోజుల్లోపు చేతికి వస్తుంది. ప్రమాదకరమైన లోపం ఉంటే వెంటనే చెబుతారు, సరిచేసేదాకా లిఫ్టు నడపకూడదు. మనిషికి తీవ్రమైన హాని కలిగించేంతటి లోపమైతే ఆ నివేదిక ప్రతి ప్రభుత్వ సంస్థకు కూడా పంపాలి. దాచుకోవడం కుదరదు.

షాపింగ్ సెంటరులో లిఫ్టు ఎక్కేది కొనుగోలుదారులే, ఉద్యోగులు కారు కదా అని తప్పించుకోవడానికీ లేదు. అక్కడ 1974 నాటి ఆరోగ్య భద్రతా చట్టం మూడో సెక్షన్ పట్టుకుంటుంది.

బీసెంట్ రోడ్డు వ్యాపారి

బర్మింగ్‌హామ్ గారూ, ఒక్క ప్రశ్న. పరీక్ష చేసేవాడు బయటి కంపెనీ మనిషే కావాలని ఆ నిబంధనల్లో ఉందా?

తెనాలి నుంచి బర్మింగ్‌హామ్‌కు

లేదు, ఒప్పుకుంటాను. సొంత సంస్థ మనిషైనా పరవాలేదు. తగినంత స్వతంత్రుడై, ఎవరి ముఖమూ చూడకుండా తేల్చగలవాడై ఉండాలి. సర్వీసు చేసిన ఆ మనిషే పరీక్షించడం మంచిది కాదంటారు, తన పనిని తానే తూకం వేసుకున్నట్టు అవుతుంది కాబట్టి.

బీసెంట్ రోడ్డు వ్యాపారి

అదే నేననేది! ఏఎంసీ కంపెనీలోనే ఇంకొక ఇంజనీరును పంపమంటే సరిపోతుంది. బయటివాడికి వేలకు వేలు ఎందుకు?

పాత మెకానిక్

ఆ ఇంకొక ఇంజనీరుకూ జీతమిచ్చేది ఆ మేనేజరే. ‘రోపులు మార్చాలి’ అని రాస్తే, ఏఎంసీలో రోపులు కూడా కలిసి ఉంటే, ఖర్చు కంపెనీది. అప్పుడు రోపు ఇంకో ఏడాది బాగుంటుంది. రోపులు కలవకపోతే, బాగున్న రోపు కూడా మార్చాలంటారు. రెండు రకాలూ చూశాను. మీ జేబు కోసమైనా బయటివాడు కావాలి.

మిర్చి కోల్డ్ స్టోరేజీ గుమస్తా

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాది గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పై ఛాంబర్లకు ఎక్కించే సరుకు లిఫ్టు ఉంది. 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 28వ సెక్షన్ ఫ్యాక్టరీ లిఫ్టుల గురించే. చీఫ్ ఇన్‌స్పెక్టరు గుర్తించిన నిపుణుడు ఆరు నెలలకోసారి పరీక్షించాలి, రిజిస్టరు ఉండాలి, ఎంత బరువు మోస్తుందో లిఫ్టు మీద రాయాలి, గేటు వేయనిదే కదలకూడదు అని అప్పుడే రాసుకున్నాం. సరుకు లిఫ్టుకూ ఆరు నెలలే, అంటే బర్మింగ్‌హామ్ వారికంటే మనమే గట్టిగా రాసుకున్నాం. కోల్డ్ స్టోరేజీలో సరుకు నిలవ చేయడం కూడా ఆ చట్టం దృష్టిలో తయారీ ప్రక్రియే.

కార్యదర్శి గారి కాంప్లెక్సు ఫ్యాక్టరీ కాదు, ఆ సెక్షన్ అక్కడికి ఎప్పుడూ రాలేదు. అంటే మా మిర్చి టిక్కీ ఎక్కే లిఫ్టుకు అప్పుడే ఉన్న లెక్క, డాక్టరు దగ్గరికి వెళ్లే పెద్దావిడ ఎక్కే లిఫ్టుకు లేదు.

అలాగని మా దగ్గర అంతా సవ్యమని కాదు. ‘మనుషులు ఎక్కరాదు’ అని ఎర్రరంగుతో రాశాం. ఏప్రిల్ ఎండలో నలభై టిక్కీలు మోసిన హమాలీ ఆ బోర్డు ముందే సరుకుతో పాటు ఎక్కుతాడు. మెట్లెక్కమని చెప్పడానికి నాకు నోరు రాదు.

సింగ్‌నగర్ మాస్టారు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలో మా కాలనీలను ముంచినప్పుడు సెల్లార్లతో పాటు లిఫ్టు గుంతలూ నిండాయి. మా ట్యూషన్ సెంటరు ఉన్న భవనంలో నీళ్లు తోడించి, కరెంటు రాగానే లిఫ్టు వేశారు. గుంతలోని స్విచ్చులు, గవర్నరు రోపు తిరిగే కింది కప్పీ బురదలో నానాయి కదా, ఎవరైనా చూశారా అని అడిగితే, నడుస్తోంది కదండీ అన్నారు. ఆరు నెలలా, ఏడాదా అన్న వాదం అలా ఉంచండి. వరదో అగ్నిప్రమాదమో తగిలాక చూడకుండా తిప్పకూడదని మీ తీర్మానంలో రాయండి.

బీసెంట్ రోడ్డు వ్యాపారి

మాస్టారి మాట కాదనను. మెకానిక్ గారి జంపరు కథ చదివాక నిన్న మా లిఫ్టులో ఎక్కేటప్పుడు ముందు నేల వైపు చూశాను, అదీ నిజమే. కానీ చట్టం చేసి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరును పెడితే బాగుపడుతుందంటే ఇప్పటికీ ఒప్పుకోను. కర్ణాటకలో 1974 నుంచి, తమిళనాడులో 1997 నుంచి లిఫ్టుల చట్టాలు ఉన్నాయి. అక్కడ లిఫ్టు ప్రమాదాలు లేవా?

మిర్చి కోల్డ్ స్టోరేజీ గుమస్తా

హెల్మెట్టు చట్టం ఉన్నా తలలు పగులుతున్నాయి. హెల్మెట్టు తీసేద్దామా?

పాత మెకానిక్

కార్యదర్శి గారూ, వీళ్ల వాదన తెగేలోపు మీరొక పని చేయండి. అంతస్తు తలుపును బయటి నుంచి తీసే మూడు పలకల తాళంచెవి ఒకటి ఉంటుంది. మీ భవనంలో అదెక్కడ ఉంది? ఎవరైనా ఇరుక్కుంటే కంగారుపడి వాచ్‌మన్ దానితోనే తలుపు తీస్తాడు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఉంటే లోపలివాళ్లు బయటికి దూకబోతారు, కింద గుంత నోరు తెరిచి ఉంటుంది. లిఫ్టులో గాలి ఆడదన్నది ఉత్త భయం, పైన సందులు ఉంటాయి. మెయిన్ ఆపి, లిఫ్టును అంతస్తుకు సమంగా తెచ్చాకే తలుపు తీయాలి, అదీ నేర్చుకున్నవాడే.

అరండల్‌పేట కార్యదర్శి

మీటింగు అయింది. రెండు గంటలు, మూడు సార్లు టీ. బయటి ఇంజనీరు పరీక్షకు ఒప్పుకున్నారు కానీ ఏడాదికోసారే. డాక్టరు గారు ఆరు నెలలే అని లేచి వెళ్లిపోయారు, రెండో సారి ఖర్చు తానే పెట్టుకుంటానని రాత్రి ఫోను చేశారు. కోచింగ్ సెంటరు వారు ఇంకా సంతకం పెట్టలేదు. బ్రేకు లైనింగు అరిగిపోయిందని తేలింది, మార్చారు.

తాళంచెవి దొరికింది. వాచ్‌మన్ కుర్చీ వెనుక మేకుకు, పాలక్యాను పక్కన వేలాడుతోంది. ఏడేళ్లుగా రోజూ చూస్తున్నాను, సైకిలు తాళమేమో అనుకున్నాను. ప్రస్తుతం నా జేబులో ఉంది. వాచ్‌మన్‌కు, నాకు పని నేర్పడానికి కంపెనీ మనిషి గురువారం వస్తానన్నాడు.

బీసెంట్ రోడ్డు వ్యాపారి

మా కాంప్లెక్సులోనూ అడిగాను. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.