పదకొండు బల్బులు మార్చినా బిల్లు దిగలేదేంది?

వేదాయపాళెం_వాసి
మాది నెల్లూరు, వేదాయపాళెం. సంక్రాంతి అయిపోయాక ఇంట్లో ఉన్న పాత బల్బులు, సీఎఫ్ఎల్‌లు అన్నీ పీకేసి పదకొండు చోట్లా తొమ్మిది వాట్ల ఎల్ఈడీలు పెట్టాను. అంతకుముందు నెల 238 యూనిట్లు, ఇప్పుడు 231. ఏడు యూనిట్ల కోసమా నేను స్టూలెక్కి మెడ పట్టించుకుంది? ఇంకో రెండు సంగతులు. వంటింట్లో బల్బు స్విచ్ ఆపినాక కూడా మిణుగురు పురుగులాగా సన్నగా వెలుగుతా ఉంది, అదేంది? హాల్లో రెండు పాత ట్యూబ్‌లైట్లు ఉన్నాయి, అవి కూడా మార్చాలా, ఉంచాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రొయ్యలగుంట
మీకు వెలుగుతా ఉన్నాయి కదా, సంతోషించండి. మాది కోట అనే ఊరి దగ్గర. గుంట గట్టు మీద కాపలా పాకలో పెట్టిన బల్బు మూడు నెలలు కూడా నిలవదు. ఏరేటర్లు, అదే గుంట నీళ్ళలోకి గాలి కొట్టే మిషన్లు, అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే వోల్టేజి పడిపోతుంది, ఆపితే ఎగురుతుంది, మధ్యలో చచ్చేది బల్బే. రెండేళ్ళు గ్యారంటీ అని అమ్మినాడు. మాడిపోయిన నాలుగు కవర్లో వేసుకుని పోతే బిల్లు చూపించమన్నాడు. చొక్కా జేబులోంచి తీశాను, తెల్ల కాగితం. అక్షరం లేదు. ఆ మిషన్ బిల్లులు ఎండకి చెరిగిపోతాయంట, అది కూడా వాడే చెప్పినాడు.

మీటరుబాబాయ్
నేను కరెంటు పనిలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను కాబట్టి చెబుతున్నా, వినే ఓపిక ఉంటే వినండి. బల్బు మార్చామని అందరూ అంటారు, ఏది తీసి ఏది పెట్టామో ఒక్కరూ చెప్పరు. పాత 60 వాట్ల బల్బు రోజుకి ఆరు గంటలు వెలిగితే నెలకి 10.8 యూనిట్లు. దాని బదులు తొమ్మిది వాట్లది పెడితే 1.62. అంటే ఒక్క బల్బుకే తొమ్మిది యూనిట్ల పైన మిగులు. కానీ మీరు తీసింది 14 వాట్ల సీఎఫ్ఎల్ అయితే తేడా అయిదు వాట్లే, నెలకి 0.9 యూనిట్. మీ పదకొండులో ఎనిమిది సీఎఫ్ఎల్‌లు అయ్యుంటాయి, ఏడు యూనిట్లు అందుకే. బల్బు తప్పేం లేదు. 2014లో సర్కారు టోకున కొంటేనే ఎల్ఈడీ బల్బు 310 రూపాయలు, 2016కి 38కి దిగింది. ఆ సర్కారు బల్బుల పథకంలో తీసుకున్నది మా మెట్ల కింద ఇప్పటికీ వెలుగుతోంది.

కందుకూరు_కాఫీ
ఇవన్నీ కాదు బాబాయ్, ఆయన 225 యూనిట్లు దాటినాడు, అదీ అసలు దెబ్బ. 225 దాటితే మొత్తం యూనిట్లకి 8.75 రూపాయల లెక్కన వేస్తారు. ముందు ఆ ఆరు యూనిట్లు తగ్గించుకోమనండి, బిల్లు సగానికి వస్తుంది.

ఒంగోలు_గిత్త
ఎవరు చెప్పారు మీకు? 225 దాటినవాటికే 8.75. మొదటి 30కి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6. ఎవరి ఇంటికైనా ఇదే. ఆయన 231కి కరెంటు వరకూ 1069.50 అవుతుంది, మిగతా ఛార్జీలు వేరే. మీరు చెప్పినట్టు మొత్తానికి 8.75 వేస్తే రెండు వేలు దాటాలి. ఒకసారి బిల్లు తిరగేసి చూసి మాట్లాడండి.

కందుకూరు_కాఫీ
నాకు లెక్కలు నేర్పొద్దు. మా ఇంట్లో 74 వచ్చిన నెల ఒక బిల్లు, 78 వచ్చిన నెల ఇంకో బిల్లు, చూసిన కళ్ళివి. రీడింగ్ తీసే అబ్బాయి పెళ్ళికి పోయి నాలుగు రోజులు లేటుగా వచ్చినాడు, ఆ నాలుగు రోజుల పాపం మా నెత్తిన పడింది. యూనిట్ యూనిట్‌కీ రేటు మారిపోయింది. నేనేమన్నా కల కన్నానా?

ఒంగోలు_గిత్త
అది ఏ సంవత్సరం?

కందుకూరు_కాఫీ
2020 అయ్యుండాలి. అయితే ఏంది?

ఒంగోలు_గిత్త
అదీ సంగతి! అప్పుడు ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి. 75 దాటితే బీ గ్రూపు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారేది. 2022 ఏప్రిల్ నుంచి ఆ గ్రూపులు తీసేశారు. మీరు ఇంకా 2020లోనే ఉన్నారు. అవునులే, ఆ 2022 ఏప్రిల్‌లోనే మిమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, ఆ హడావుడిలో చూసుకుని ఉండరు.

కందుకూరు_కాఫీ
జిల్లా సంగతి ఎందుకు ఎత్తుతారు? 1970కి ముందు మీ ఒంగోలే మీకు జిల్లా కాదు. అంతకుముందు మా కందుకూరు నెల్లూరు జిల్లాదే, 2022లో మళ్ళీ మా ఇంటికి మేము వచ్చాం. నేను చెప్పింది రేటు సంగతి, అది నా అనుభవం, అబద్ధం కాదు.

మీటరుబాబాయ్
ఇద్దరిదీ నిజమే, సంవత్సరాలే వేరు. ఇక ఆపండయ్యా, జిల్లాల పంచాయితీ ఇంకో చోట పెట్టుకోండి.

కనిగిరి_కోడలు
మీరందరూ రేట్ల మీద కొట్టుకుంటుంటే నా బాధ నాది. మా అత్తయ్య దేవుడి గదిలో ఎర్ర జీరో బల్బు పగలూ రాత్రీ ఆర్పనివ్వరు. "జీరో అంటే సున్నా కదమ్మా, సున్నాకి కరెంటేంది" అంటారు. ఒకరోజు ఆవిడ గుడికి పోయినప్పుడు ఫ్రిజ్ తీగతో సహా ఇంట్లో అన్నీ పీకేసి, ఆ ఒక్క బల్బు ఉంచి, సెల్‌ఫోన్లో టైమ్ పెట్టుకుని మీటరు ముందు కూర్చున్నాను. మా మీటరు మీద 3200 మిణుకులకి ఒక యూనిట్ అని రాసుంది. మీటరు మీద ఉండే ఎర్ర దీపం ఒకసారి మిణుకుమన్నాక మళ్ళీ మిణుకుమనడానికి 75 సెకన్లు పట్టింది. గంటకి 48 మిణుకులు. లెక్క వేస్తే 15 వాట్లు! నెలంతా ఆర్పకపోతే 10.8 యూనిట్లు. బాబాయ్ చెప్పిన 60 వాట్ల బల్బు ఆరు గంటలు వెలిగించినంత. అర వాటు ఎల్ఈడీ తెచ్చి పెడితే నెలకి అర యూనిట్ కూడా కాలేదు. అత్తయ్య మాత్రం వెలుగు పల్చగా ఉంది, దేవుడి మొహం కళగా లేదంటున్నారు.

మీటరుబాబాయ్
శభాష్ తల్లీ. మా లైన్‌మెన్లలో కూడా ఈ పని చేసినవాళ్ళు తక్కువ.

పొదిలి_మేస్త్రీ
ఆయన వంటింటి బల్బు సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. స్విచ్‌లో చిన్న ఎర్ర లైట్ ఇండికేటర్ ఉందా? ఉంటే దానిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు చాలు, ఎల్ఈడీ సన్నగా వెలుగుతుంది. పాత బల్బు అంత తక్కువ కరెంటుకి వెలగదు కాబట్టి ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు. ఇండికేటర్ లేకపోతే మాత్రం చూపించుకోండి. వైరింగ్ చేసినవాడు ఫేజ్‌కి, అంటే కరెంటు వచ్చే తీగకి, పెట్టాల్సిన స్విచ్ న్యూట్రల్‌కి, అంటే తిరిగిపోయే తీగకి పెట్టుంటాడు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్లో ఫేజ్ ఉన్నట్టే. స్టూలెక్కి బల్బు తిప్పే మనిషి చెయ్యి తగిలితే మెడ నొప్పితో పోదు. మెయిన్ ఆపకుండా ఇంక ఆ హోల్డర్ ముట్టుకోవద్దు.

చీమకుర్తి_రాయి
అందరూ బల్బుల చుట్టూనే తిరుగుతున్నారు. ఫ్యాన్లు మార్చండి అన్నా! పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటారుది, బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. మా ఇంట్లో నాలుగు మార్చాను, వేసవిలో బిల్లు చూసి మా ఆవిడ మీటరు చెడిపోయిందేమో అంది.

రొయ్యలగుంట
ఆ ఫ్యాను నా దగ్గరా ఉంది. రిమోట్ మా బుడ్డోడు గుంటలో వేసినాడు. అప్పటినుంచి స్విచ్ వేస్తే ఒకటే స్పీడు, చలికాలం కూడా తుఫానే.

ఒంగోలు_గిత్త
ఫ్యాను ఒక్కోటి మూడు వేలు. బల్బు వందకి వస్తుంది. అడిగినాయన అడిగింది బల్బుల గురించి.

చీమకుర్తి_రాయి
అడిగినాయన జిల్లాల విభజన గురించి కూడా అడగలేదు. ఆ ట్యూబ్‌లైట్లు కూడా మార్చేయండి అన్నా. 40 వాట్లని పేరే గానీ పాత ఇనప చోక్‌తో కలిపి 50 దాటుతుంది, ఎల్ఈడీది 20 వాట్లు.

వేదాయపాళెం_వాసి
అందరికీ నమస్కారం. రెండు రోజులు రాలేదు, వచ్చేసరికి ఇక్కడ ఇంత రచ్చ. బాబాయ్, మీరు చెప్పిందే. తీసినవాటిలో సీఎఫ్ఎల్‌లు ఎనిమిది. మిగతా మూడూ పాత బల్బులే గానీ ఒకటి స్టోర్ రూమ్‌లో, ఒకటి బాత్‌రూమ్‌లో, ఒకటి మెట్ల మీద. రోజుకి పది నిమిషాలు వెలిగితే ఎక్కువ. పైగా ఈ నెల ఎండ ముదిరి రాత్రంతా ఫ్యాన్లు మొదలయ్యాయి, మిగిలింది వాటికే పోయుంటుంది. మేస్త్రీ గారూ, స్విచ్‌లో ఇండికేటర్ లేదు. ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు, అప్పటిదాకా ఆ స్విచ్ మీద టేపు వేసి పెట్టాను.

కనిగిరి అక్కా, మీది చదివి మా దేవుడి గదికి పోయి చూశాను. ఉంది. మా నాన్న పెట్టిన ఎర్ర జీరో బల్బు. తీద్దామని చెయ్యి ఎత్తగానే మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. చాలాసేపు అయ్యాక మార్చుకో గానీ ఎర్రదే ఉండాలంది, తెల్లది పెడితే ఒప్పుకోదంట. అర వాటుది ఎర్ర రంగులో ట్రంక్ రోడ్డులో దొరుకుతుందా?

కనిగిరి_కోడలు
దొరుకుతుంది తమ్ముడూ. నిండు ఎరుపు అని అడుగు, కొన్ని గులాబీ రంగులో కొడతాయి. మా అత్తయ్య గొడవంతా దాని మీదే.

రొయ్యలగుంట
స్టోన్‌హౌస్‌పేటలో కూడా చూడు. బిల్లు ఇచ్చినప్పుడే జెరాక్స్ తీసి పెట్టుకో.