ఫిబ్రవరి 14న మా కోలాటం జట్టు ఆడాలా వద్దా? ఆడినాక సాయం అడగతా వచ్చే ఆడపిల్లకి ఏం చెప్పాలి?

కొర్లగుంట కుట్టుమిషనక్క:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. పగలంతా జాకెట్లు కుడతా, సాయంత్రం ఏడైతే మా వీధి రాములోరి గుడి ముందర కోలాటం నేర్పిస్తా. జట్టులో 16 మందిమి. ఇద్దరు లాడ్జీల్లో గదులు ఊడుస్తారు, ఒకామె పూలు కడుతుంది, ఒకామె అంగన్‌వాడీ ఆయా, మిగతావాళ్లు ఇంటిపట్టున ఉండేవాళ్లే. బ్రహ్మోత్సవాలప్పుడు కొండమీద మాడవీధుల్లో మూడుసార్లు ఆడినాం. అంతకు మించి మాకు లోకం తెలియదు.

పోయినేడు ఒక కాలేజీ మేడమ్ మా గుడికాడికి వచ్చింది. ఫిబ్రవరి 14న ఆడవాళ్ల మీద జరిగే హింస వద్దని దేశదేశాల్లో వీధుల్లోకి వచ్చి డాన్సు చేస్తారు, మీరూ రండి అని. అమెరికాలో ఈవ్ ఎన్‌స్లర్ అని నాటకాలు రాసే ఆమె 2012లో 'వన్ బిలియన్ రైజింగ్' అని పిలుపిస్తే, 2013 ఫిబ్రవరి 14న మొదటిసారి ఆడినారంట. అప్పటికి ఢిల్లీ నిర్భయ సంగతి జరిగి రెండు నెలలు కూడా కాలేదు, అందుకని మన దేశంలో జనం బాగా కదిలినారని చెప్పింది. బిలియన్ ఏందమ్మా అంటే, ప్రతి ముగ్గురాడోళ్లలో ఒకరు బతుకులో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలో అంతకంటే ఘోరమో పడతారని ఐక్యరాజ్యసమితి లెక్క, ఆ లెక్కన లోకం మీద నూరు కోట్ల మంది దాటతారు అనింది. ఆ మాట విని నేను మా జట్టు తట్టు చూసినా. 16 మందికి ఐదుగురు కావాల గదా. నాకు తెలిసి ఏడుగురు.

సరే, పోయినాం. పాట ఇంగ్లీషుది. కాలేజీ పిల్లోళ్లు నాలుగు సాయంత్రాలు స్టెప్పులు నేర్పించినారు. మాకేమో కాలు కోపుకి, అంటే కోలాటం అడుగుకి, అలవాటు పడింది, వాళ్లది ఎగురుడు. మా పూలామె రెండు రోజులు మోకాళ్లకి తైలం రాసుకునింది. అయినా ఆడినాం, జనం చప్పట్లు కొట్టినారు, అంతా బాగానే ఉండింది.

బ్యానర్ చుడతా ఉంటే ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో, చంకలో బిడ్డ. "అక్కా, ఇది ఎవురికి చెప్తే మా ఇంటికాడికి వస్తారు?" అని అడిగింది. నేను మేడమ్ కోసం చూసినా, ఆమె అవతల ఫొటోలో నిలబడుండాది. నాకు నోట మాట రాలా. ఆ పిల్ల చేతిలో ఒక నీళ్ల ప్యాకెట్ పెట్టి "రేపు రామ్మా, మాట్లాడదాం" అన్నా. రేపు యాడికి రావాలో చెప్పలేదు. ఇంటికొచ్చినాక గుర్తొచ్చింది, ఆ పిల్ల పేరు కూడా అడగలేదని.

ఈ ఏడు మళ్లీ పిలిచినారు. 14 శనివారం, మర్నాడే శివరాత్రి, ఆ రోజు మాకు కపిలతీర్థంలో భజన ఉండాది. రెండు రోజులు ఇల్లు వదిలితే మొగోళ్లు సణుగుతారు, అది వేరే సంగతి. నేను అడగేది ఇంతే: ఆ ఇంగ్లీషు పాటకే ఆడాలా, మా కోలాటం ఆడితే తప్పా? అట్లాంటి పిల్ల మళ్లీ వస్తే ఏం చెప్పాల? అది తెలియకుండా ఆడబుద్ధి కావడంలా.

గ్రీమ్స్‌పేట రిటైర్డ్ సూపర్‌వైజర్:

అమ్మా, నేను చిత్తూరులో ఉంటాను. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో 31 ఏళ్లు చేసి దిగాను. నీ రెండో ప్రశ్నే అసలుది, దానికే ముందు చెబుతాను.

ఆ అమ్మాయి ఇంటికి ఎవరొస్తారు అని అడిగింది కదా. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి అని ఒకరుంటారు. కొట్టేవాడి మీద ఆ అమ్మాయే వచ్చి చెప్పుకోవాలని లేదు. హింస జరుగుతోందని నమ్మకమున్న ఎవరైనా చెప్పవచ్చు, నువ్వైనా సరే. నాలుగో సెక్షన్. మంచి మనసుతో చెప్పినందుకు నీ మీద ఏ కేసూ రాదని కూడా అందులోనే రాసి ఉంది. మన ఆడవాళ్లకు ఈ సంగతి తెలియక, "మనకెందుకు, రేపు మన మీదికొస్తుంది" అని తలుపు వేసుకుంటారు.

181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్, రాత్రైనా పగలైనా. దెబ్బలు పడుతున్న క్షణంలో అయితే 112. వాళ్లు సఖి వన్ స్టాప్ సెంటర్‌కు కలుపుతారు. అక్కడ వైద్యం, పోలీసు, వకీలు, కౌన్సెలింగ్ ఒకే చోట. బిడ్డతో సహా ఐదు రోజుల వరకూ తలదాచుకోవచ్చు. వకీలుకి డబ్బుల్లేవంటే 15100, న్యాయసేవాధికార సంస్థది. ఆడదానికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి.

అన్నిటికంటే ముందు ఆ పిల్లకు చెప్పవలసిన మాట ఒకటుంది. "ఇల్లు నీ పేర లేకపోయినా నిన్ను బయటకు నెట్టే హక్కు వాళ్లకు లేదు." నేను చూసినంతలో నూటికి తొంభై మంది నోరు విప్పనిది దెబ్బలకు భయపడి కాదు, రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియక. మేజిస్ట్రేటు మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలి, 60 రోజుల్లో తేల్చడానికి చూడాలి అని చట్టంలో ఉంది. నా సర్వీసులో అరవై దాటి ఆరేడు నెలలు నడిచినవే ఎక్కువ. ఆ మాట కూడా దాచకుండా చెప్పు. లేకపోతే రెండో వాయిదాకే విసిగిపోయి ఇంటికెళ్లిపోతారు.

ఇంకొకటి. మైకు ఇచ్చి "నీ కథ చెప్పమ్మా" అనొద్దు. నేను ఒకచోట చూశాను, ఆ పిల్ల ఏడుస్తుంటే ముందు వరసలో నలుగురు ఫోన్లు ఎత్తారు. అత్యాచారం కేసైతే పేరూ ముఖమూ బయట పెట్టడం నేరం. కేసు ఏదైనా ఆ వీడియో ముందు వాళ్ల అత్తగారింటికే చేరుతుంది.

పలమనేరు పాలవ్యాన్:

తప్పుగా అనుకోవద్దు. ఒక రోజు డాన్సు చేస్తే తాగి కొట్టేవాడు మానేస్తాడా? మా ఊర్లో కూడా చేసినారు. టీషర్టులు, బ్యానర్, పెద్దలకు శాలువలు. శాలువలు కప్పించుకున్న వాళ్లలో ఒకాయన సంగతి ఊరంతా ఎరుగుదురు. మా చెల్లెలు ఆ డాన్సు చూసి నవ్వింది. నవ్వే హక్కు దానికుంది.

గ్రీమ్స్‌పేట రిటైర్డ్ సూపర్‌వైజర్:

బాబూ, శాలువల సంగతిలో నీతో గొడవ లేదు. కానీ పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణం మూయించింది ఎవరు? రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు. ఊరూరా పాటలు, వీధి నాటకాలు, కలిసి నడవడం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. సారా ఆగితే కొట్టుడు ఆగిందా అంటావు, ఆగలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019-21ది, పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 29 మంది భర్త చేతి హింస చూశామని చెప్పారు. ఇంటికొచ్చి అడిగిన మనిషికి చెప్పినవే ఇవి. మీ చెల్లెలికి 181 చెప్పావా?

పలమనేరు పాలవ్యాన్:

లేదు మేడమ్. ఇప్పుడు పంపిస్తా.

తాతయ్యగుంట మాతంగి:

అక్కా, మొదటి ప్రశ్నకి నేను చెప్తా. మా ఇంట్లో మొక్కుబడి. మా నాయన, ఆయన పోయినాక నేను, ఏటా మే నెలలో మన తిరుపతి గంగమ్మ జాతరలో మాతంగి వేషం వేస్తాం. చీర, గాజులు, పూలు, ముఖానికి పూత. డప్పు కొడతా ఉంటే ఊరంతా ఎగరేది డాన్సు కాదా? ఆ జాతర పుట్టింది దేనికి? పాలెగాడు ఊర్లో ఆడబిడ్డల్ని చెరుస్తా ఉంటే, గంగమ్మ చెయ్యి పట్టినాడు. ఆమె విశ్వరూపం చూపించింది, వాడు పోయి దాంకున్నాడు. వాడిని బయటికి తెచ్చేదానికి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, రోజుకొకటి వేసుకోని ఊరంతా తిరిగింది. దొర వేషం రోజు, దొరొచ్చినాడని వాడు బయటికొచ్చి చచ్చినాడు. ఫిబ్రవరి 14 ఆ మేడమ్‌కి కొత్త, మనకి ఇది పాతదే.

జనం దొర వేషంతోనే కథ అయిపోయిందనుకుంటారు. మర్నాడు నేనేసేది మాతంగి. చంపినాక గంగమ్మ ఆ వేషంతో పాలెగాడి పెండ్లాం దగ్గరికి పోతుంది, ఓదార్చేదానికి. చిన్నప్పుడు మా నాయన్ని అడిగినా, చచ్చినాడు గదా, ఇంగ దేనికి పోవడం అని. "ఇంట్లో ఉండే ఆమెని ఎవురు చూస్తార్రా" అన్నాడు. నీ పోస్టులో ఆ నీళ్ల ప్యాకెట్ పిల్ల గురించి చదివి ఆ మాటే గుర్తొచ్చింది.

మా గొప్ప చెప్పుకుంటా ఉన్నా అనుకోవద్దు. చీర కట్టి ఆడినోడు ఇంటికి పోయి పెండ్లాన్ని కొట్టడం నా కండ్లతో చూసినా. జాతర గుంపులో ఆడపిల్లల మీద చేతులేసే నా కొడుకులూ ఉంటారు. వేషం ఒంటికి, గుణం లోపల.

కోలాటమే ఆడు. అందులోనూ జడకోలాటం ఆడు, గడకి కట్టిన తాళ్లు పట్టుకోని జడ మాదిరి అల్లేది. జనం నిలబడి చూసేది దాన్నే. మొగోళ్లని చూసేదానికి మాత్రం పిలవొద్దు, పని చెప్పు. నడిమధ్య గడ పట్టుకోని నిలబడమను. ఆట అయ్యేదాకా కదిలేదానికి ఉండదు, ఫోన్ తీసేదానికి ఉండదు. నేనొస్తా, ఇంకో ఇద్దర్ని తెస్తా.

కొర్లగుంట కుట్టుమిషనక్క:

రాత్రి మా జట్టుకి ఇవన్నీ చదివి వినిపించినా. అంగన్‌వాడీ ఆయా "ఆ నాలుగో సెక్షన్ మళ్లీ చదువక్కా" అని రెండుసార్లు చదివించుకునింది.

మేడమ్‌తో కూడా మాట్లాడినా. ఆమె ఏమీ అనుకోలా. ఢిల్లీలో ఉండిన కమలా భసీన్ అని ఒకామె ఈ కార్యక్రమాన్ని మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లో నడిపించిందంట, 2021లో పోయిందంట. ఆమె కూడా జానపదం వరసల్లోనే పాటలు కట్టి పాడించేదంట. "మీ వరసలోనే కట్టుకోండి, ఇంగ్లీషు పాట పిల్లలు ఆడతారు" అనింది. పాటలో నాలుగు చరణాలు వచ్చినాయి, ఐదోది మా పూలామె కడతా ఉండాది. అందులో వాళ్లాయన పేరు పెడతానంటే వద్దన్నాం. ఇంకా అలిగే ఉంది.

మైకుకి స్టేషన్లో అర్జీ పెట్టినాం. సాయంత్రం ఐదుకి మొదలుపెట్టి ఏడుకల్లా అయిపోవాల, మర్నాటి భజనకి గొంతులు మిగలాల గదా. గుడి పక్కన అరుగు మీద రెండు కుర్చీలు వేస్తాం. ఆట ఆడకుండా ఆయా ఒక కుర్చీలో కూర్చుంటుంది. ఫొటో తీసేవాళ్లు ఆ తట్టుకి రాకూడదని చెప్పినాం.

నంబర్లు కాగితం మీద అచ్చేసి పంచదామంటే నేనే వద్దన్నా. అట్లాంటి కాగితం ఇంట్లో దొరికితే ఇంకో నాలుగు పడతాయి. నా దగ్గర జాకెట్ కొలతల చీటీలు కట్టలు కట్టలు ఉండాయి. ముందర ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు. వెనక 181, 112, 15100, నా అంగడి నంబరు. టైలర్ చీటీని ఏ మొగోడూ తిప్పి చూడడు. ఇప్పటికే అంగట్లో ముగ్గురికి ఇచ్చినా. ఒకామెది అసలు కొలత కూడా రాయలేదు, అయినా మడిచి రైకలో పెట్టుకునింది.

ఆ పిల్ల మాత్రం కనపడలా. బిడ్డనెత్తుకోని ఎవరు పోతా ఉన్నా మిషను ఆపి చూస్తా ఉండా.

తమ్ముడూ, గడ ఎంత పొడుగు తెస్తావు? ఆయా కూర్చుంటే మేం 15 అయినాం, జడకి సరిసంఖ్య కావాల. లాడ్జిలో పనిచేసే ఆమె వాళ్ల చెల్లెల్ని తెస్తానంటా ఉంది. ఆ పిల్ల కొత్తది, ఒక్క అడుగు తప్పినా జడ చిక్కు పడి అందరం నిలబడిపోతాం. తాడు నైలానా, నూలుదా?

తాతయ్యగుంట మాతంగి:

పన్నెండడుగుల వెదురు గడ ఉండాది అక్కా, జాతరది. తాడు నూలుదే తీసుకో, నైలాన్ చేతులు కోస్తుంది. కొత్త పిల్లని లోపలి వరసలో పెట్టు, ముందరామెని చూసి పోతుంది. ఆదివారం సాయంత్రం గడ తెచ్చి గుడికాడ పెడతా, ఒకసారి అల్లి విప్పి చూద్దాం.