అంచు దళసరి అవుతోంది, పుండు మూసుకోవడం లేదు

గుణుపురం కోడలు:
మా అత్తగారికి మడమ మీద పుండు. చక్కెర జబ్బు పాతదే. రెండు నెలలైనా పూడలేదు. మొన్న పనసకాయ కోస్తూ నేను తెగ్గోసుకున్న వేలు పది రోజుల్లో మానింది. ఇప్పుడు డాక్టరుగారు ఆ పుండు అంచును చెక్కేయాలంటున్నారు. మాన్పాల్సింది పోయి పెద్దది చేయడమేమిటి?

పర్లాకిమిడి పాతకాపు:
గాలికి ఆరనివ్వండి, పక్కు కట్టి అదే మానుతుంది.

బరంపురం పంతులు:
పాతకాపుగారూ, అది తిరగబడిన మాట. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందులపై చేసిన ప్రయోగంలో, తేమగా కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంది. ఎండిన పక్కు కింద కణాలు దారి తవ్వుకుంటూ పోవాలి మరి.

అమ్మా, చర్మం తెగగానే అంచు కణాలు ముందు పాకుతాయి. వాటి వెనుక ఉన్నవి విభజన చెందుతూ కొత్త కణాలను అందిస్తాయి. పాకేవాటిలో కెరాటిన్ (చర్మకణాలకు గట్టిదనమిచ్చే ప్రోటీన్) 6, 16, 17 రకాల జన్యువులు మేల్కొంటాయి. అరచేయి, అరికాలు తప్పిస్తే మామూలు చర్మంలో ఇవి దాదాపు నిద్రలోనే ఉంటాయి. పట్టు వదిలి కొత్త పట్టు దొరికించుకోవడానికి ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు, దారికి అడ్డొచ్చే కొల్లాజెన్ అనే నారల ప్రోటీన్‌ను కోయడానికి ఒక ఎంజైము తయారవుతాయి. విభజనకు ఊతమిచ్చే ఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది.

మానని పుండులో కథ అడ్డం తిరుగుతుంది. అంచులో సి-మిక్ అనే జన్యువు ఆగకుండా పనిచేస్తుంది. కణాలు పోగుపడతాయి, అడుగు మాత్రం ముందుకు వేయవు. మీరు చూస్తున్న దళసరి అదే. దాన్ని తీసేస్తే అడుగున కదలగల కణాలు బయటపడతాయి.

జీడిపిక్కల కూలి:
పలాస బట్టీలో పనిచేసేటప్పుడు సొన తగిలి ముంజేతి తోలు ఊడిపోయేది. రోమాల మొదళ్ల దగ్గర చుక్కలు చుక్కలుగా కొత్త తోలు లేచేది. అదెందుకు?

బరంపురం పంతులు:
బాగా గమనించారు. రోమకూపాల్లోని మూలకణాలు పైకి వచ్చి అక్కడి నుంచే పరుచుకుంటాయి. మడమకు రోమాలు లేవు, ఆ సాయం అక్కడ దొరకదు.

గుణుపురం కోడలు:
నిన్న అంచు చెక్కారు. మడమ నేల మీద మోపవద్దన్నారు. ఆవిడ మాత్రం తెల్లవారకముందే తులసికోట దగ్గరికి నడుస్తున్నారు.

బరంపురం పంతులు:
మొదట పాకే పొర చాలా పలచన, అడుగు వేసినప్పుడల్లా చిరుగుతుంది. తులసిని ఒక కుండీలో పెట్టి మంచం పక్కకు తెచ్చేయండి.