అప్‌డేట్: మా ఇంటామెకు పెద్దపేగు క్యాన్సర్ - ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది

మా ఇంటామెకు (44 ఏళ్లు, మాది మిర్యాలగూడ దగ్గర) పెద్దపేగు క్యాన్సర్ అని తేలినప్పుడు, ధైర్యం ఎలా చెప్పాలి, చుట్టాలకు చెప్పాలా వద్దా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ దండాలు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ బాగానే జరిగింది, ఆరోగ్యశ్రీ వర్తించింది. బయాప్సీలో లింఫ్ గ్రంథులకు కూడా పాకిందని, మూడో స్టేజ్ అని వచ్చింది. అందుకే కీమో. మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ మందు నరంలోకి డ్రిప్‌గా, 14 రోజులు కేపసైటబిన్ మాత్రలు, తర్వాత వారం విరామం.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక చల్లటివి తగిలితే పడదని ముందే చెప్పినవాళ్లకు ప్రత్యేకంగా థ్యాంక్స్. ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీస్తే చాలు, వేళ్లకు కరెంటు షాక్ కొట్టినట్టు అవుతోందట. ఇప్పుడు ఫ్రిజ్ పని నాదే. తాగేది గోరువెచ్చని నీళ్లే. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే మాత్రం గోలీ వేసి ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయమన్నారు.

చుట్టాలకు చెప్పాం. ఒకరు గోధుమగడ్డి రసం అంటారు, ఇంకొకరు పసరు మందు. డాక్టర్‌ను అడక్కుండా ఏదీ ఇవ్వనని మా అత్తమ్మకే చెప్పాల్సి వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. ధైర్యం సంగతికొస్తే, ‘ఏం కాదు’ అనే మాటే ఆమెకు పడదు. ‘టెన్షన్‌గా ఉంది’ అంటే ‘నాకూ ఉంది’ అంటున్నాను. అప్పుడే నిద్రపోతుంది.

బావమరిదికి 39. తోబుట్టువు కాబట్టి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకోమన్నారు. పేగు ఖాళీ అయ్యే మందు తాగాలనగానే వాయిదాలు వేస్తున్నాడు. వచ్చే వారం నేనే వెంటబెట్టుకుని పోతున్నా.